వరహాలమ్మ పాస్ చెయ్యని గుడారం

నూకరాజుకు దేన్నీ ఊరికే నమ్మే అలవాటు లేదు. రాయపూర్ స్టేషన్‌లో రైలు పెట్టెల కింద దూరి, సుత్తితో చక్రాలు కొట్టి, ఆ మోతను బట్టి వాటి మంచిచెడ్డలు తేల్చే ఉద్యోగం ఆయనది. ఆ బుద్ధి ఇంట్లోనూ పోయేది కాదు. కొత్త బిందె కొంటే నీళ్ళు నింపి పూటంతా గుమ్మంలో నిలబెట్టేవాడు. మంచం అల్లిస్తే పిల్లలు ముగ్గుర్నీ దాని మీద గెంతమనేవాడు. పిల్లలకు అంతకంటే ఏం కావాలి? భార్య దాలమ్మ మాత్రం, "నన్నూ అలగే సుత్తెట్టి కొట్టి సూసే సేసుకున్నావేటి?" అని దెప్పేది.

అవి ఇంకా బి.ఎన్.ఆర్., అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులు. విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలన్నీ కార్తీక పున్నమికి ముందురోజు చిన్న రైలెక్కి, అభన్‌పూర్ మీదుగా రాజిం వెళ్ళేవి. రాత్రి మహానది ఇసుకలో పడక, తెల్లవారి స్నానం, ఆపైన ఉసిరి చెట్టు కింద వనభోజనం. ముందటేడు అకాల వాన కురిసి పక్కలూ వంటసరుకులూ తడిసి ముద్దయ్యాయి. ఈసారి ఆ పాట్లు పడేది లేదని నూకరాజు పంతం పట్టాడు. రైల్వే వేలంలో పాత టార్పాలిన్ కొన్నాడు, వెదురు గెడలు తెచ్చాడు, క్వార్టర్ పెరట్లో గుడారం వేసి బక్కెట్లతో నీళ్ళు కొట్టాడు. ఒక్క చుక్క లోపలికి దిగలేదు. కనబడ్డవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పుకున్నాడు కూడా.

అయినా మనిషి పడుకుని చూడందే పరీక్ష పూర్తికాదన్నాడు. పిల్లల్ని వేసుకుని చలిలో తాను పడుకోనని దాలమ్మ ఖరాకండిగా చెప్పింది. అప్పుడు వంటింటి తలుపు చాటునుంచి అత్తగారు వరహాలమ్మ గొంతు వినిపించింది. "నాను పడుకుంతానని సెప్పవే అమ్మీ."

మగదిక్కు లేని వరహాలమ్మ కొన్నేళ్ళుగా వీళ్ళ దగ్గరే ఉంటోంది. అల్లుడికి ఎదురుపడేది కాదు, నేరుగా ఒక్క మాట ఆడేది కాదు. ఏదైనా కూతురితో చెప్పించడమే. ఆయనా అంతే. ఇద్దరి మధ్యా కబుర్లు మోయలేక దాలమ్మకు నోరు నొప్పెట్టేది.

తెల్లారింది. "మూల తాడు వొదులైపోనాదట," అంది దాలమ్మ. నూకరాజు మొహం మాడిపోయింది. రైల్వేలో చెడిపోయిన వాగన్‌ను సిక్ అంటారు. దాని మీద సుద్దతో గుర్తు పెడితే, బాగుచేసేదాకా కదలనివ్వరు. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి గుడారం మీద అదే గుర్తు పెట్టి, తాడు బిగించాడు. మర్నాడు గాలి దూరిందని ఫిర్యాదు. ఆ మర్నాడు నేల చెమ్మగా ఉందని. చక్రం మోత వినగానే పగులు పట్టే మనిషికి ఈ గుడారం రోగం అంతుపట్టలేదు. అన్నం సహించలేదు. ప్రయాణం దగ్గర పడింది.

ఒక తెల్లవారుజామున డ్యూటీకని బయల్దేరుతూ ఆయన పెరటి వైపు చూశాడు. వరహాలమ్మ వంగి, మూల ముడిని తన చేతులతోనే వదులు చేస్తోంది. అంతటితో ఆగక చెంబుతో నీళ్ళు తెచ్చి నేల మీద ఒలకబోసింది. నూకరాజుకు ఒళ్ళు మండిపోయింది. ఆమె నూతి దగ్గరకు వెళ్ళగానే విసవిసా గుడారంలోకి దూరాడు.

లోపల రెండు ఇటుకల మీద దేవుడి పటం ఉంది. పక్కన దీపపు కుంది, దువ్వెన, మడతపెట్టిన రెండు చీరలు. పక్క తీయకుండా పరిచే ఉంది. వంటింట్లో అందరి భోజనాలూ అయి, గిన్నెలు కడిగి, పొయ్యి చల్లారితే గానీ ఆవిడ చాప పరుచుకునేందుకు చోటుండేది కాదు. తెల్లారకముందే చుట్టేసేది. అన్నేళ్ళూ ఆ పటం బియ్యం డబ్బా వెనకే ఉంది. ఇన్నిటికి పరీక్షలు పెట్టిన తనకు ఇది కనబడలేదే అని నూకరాజు సిగ్గుపడ్డాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, గుడారం ప్రయాణానికి పనికిరాదని తేల్చేశాడు. దాలమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది.

పున్నమి ముందురోజు సాయంత్రం రాజింలో నది ఒడ్డున అందరూ చీరలతో, దుప్పట్లతో మరుగులు కట్టుకుంటున్నారు. పార్సిల్ గుమాస్తా మల్లేశ్వరరావు నూకరాజును చూడగానే అందుకున్నాడు. "అరే భాయ్, చెంబుకీ పరీక్షే, చాటకీ పరీక్షే అంటావు. గుడారమేదయ్యా?"

"పాస్ కాలేదండి."

ఇసుకంతా ఒకటే నవ్వులు. నూకరాజు కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆడవాళ్ళ మధ్య బియ్యం కడుగుతున్న వరహాలమ్మ లేచి వచ్చి మల్లేశ్వరరావు ముందు నిలబడింది. "నవ్వకండి బాబూ. ఆ గుడారానికి ఏ రోగమూ లేదు. రోజూ ముడి ఇప్పీది నానే."

దాలమ్మ నిర్ఘాంతపోయింది. "ఎందుకే అమ్మా?"

"పాసైపోతే గుడారం ఇప్పేత్తారు. నాను మళ్ళీ వొంటింట్లోకే కదే."

"ఓ మూల కావాలని నోరు తెరిసి అడగలేకపోయేవా?"

"అల్లుడింట్లో ఉండి, ఏ మొకమెట్టుకుని అడగమంతావే?"

నవ్వులు ఆగిపోయాయి. అత్తగారు ఎదురుగానే ఉన్నా, నూకరాజు అలవాటుగా భార్య వైపు తిరిగాడు.

"దాలమ్మా, మీ యమ్మతో సెప్పు. ఆ గుడారం ఇంక ఇప్పేది లేదు. సుట్టూ తడికలు కట్టి, వానల్లోపు పెంకేయిస్తాను."

దాలమ్మ నోరు తెరిచేలోపే వరహాలమ్మ ముసుగు సర్దుకుని అల్లుడి వైపు తిరిగింది.

"గుమ్మం తూరుపుకెట్టు బాబూ," అంది.