కొబ్బరినూనె పూసుకుని ఎండలో

అమ్మ పోయాక వచ్చిన మొదటి తింజాన్ నీళ్ల పండుగ సెలవులు. బోటాటౌంగ్ పేటలో మా డాబా ఎక్కేసరికి, యాభై రెండేళ్ల మా అప్ప వీపంతా కొబ్బరినూనె పట్టించి మిట్టమధ్యాహ్నపు ఎండలో బోర్లా పడుకుని ఉంది. నల్లబడతామని, తనకా చెక్క గంధంలా అరగదీసి ఒంటికి పూస్తే గాని అమ్మ మా అక్కచెల్లెళ్లని గడప దాటనిచ్చేది కాదు.

“ఏటప్పా ఇది?”

“ఒక్కపాలి నల్లబడి సూద్దామనే. నూనె సలవ కదా, కాలదు.”

వీపు అప్పటికే కందిపోయింది. భుజాల మీద బొబ్బలు లేస్తున్నాయి. నీడలోకి తీసుకొచ్చి తడిగుడ్డ కప్పాను.

“ఈ బొబ్బలు మానాక పొద్దున్నే ఎండలో పావుగంట కూకో, తనకా రాసుకుని. అమ్మతో తిరిగింది సాలు, మళ్లీ ఆస్పత్రికి తిరగలేనప్పా.”

“అలాగైతే నల్లబడేసరికి వానలొచ్చెత్తాయి కదే,” అంది.