ఎండ రోజున ఉప్పెన

నా చిన్నప్పుడు మా ఊరంతా ఉప్పెనకు భయపడి పరుగెత్తిన రోజున ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేదు. మాడు పగిలే ఎండ. ఆ పరుగు పెట్టించింది మా నాయనమ్మ.

మాది సముద్రానికి దగ్గర ఊరు. అన్నీ తాటాకిళ్ళే. నీళ్ళొస్తే జనం ఎక్కడానికని పంచాయతీ సమితివారు మెరక మీద ఒక డాబా కట్టించారు. తుఫాన్ల కాలం దగ్గర పడేసరికి మా నాయనమ్మ ప్రెసిడెంటు గారి అరుగు దగ్గరికి వెళ్ళి ఆ డాబా సంగతి అడిగింది. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, కాగితాలు కూడా పైకి పంపేశాం అన్నాడాయన. వారం పోయాక మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట. మూడోసారి అడగలేదు.

ఒక మధ్యాహ్నం, ఊరంతా అన్నాల ముందు కూర్చున్న వేళ, ఇత్తడి పళ్ళెం గరిటెతో బాదుకుంటూ వీధిలో పడింది. "ఉప్పెనొస్తందర్రోయ్! లెగండి, లెగండి!" ఎండను చూసి అనుమానపడేంత తీరిక ఎవరికుంటుంది? ఎంగిలి చేతులతోనే లేచారు. నిండు నెలల మా పిన్ని పొట్ట పట్టుకుని నడిచింది. మంచం దిగలేని మా తాతయ్యను నులక మంచంతో సహా నలుగురు ఎత్తుకున్నారు. అందరం డాబా దగ్గరికి చేరాం.

తలుపుకు నా అరచేయంత తాళం. చెవి ఎక్కడా అంటే పట్నంలో, సమితి ఆఫీసు గుమాస్తా దగ్గర. కిటికీలోంచి చూస్తే గదినిండా ఎరువుల బస్తాలు, కప్పుదాకా. మనిషి కాదు కదా, పిల్లి దూరడానికి కూడా సందు లేదు.

అప్పుడు నాయనమ్మ పళ్ళెం పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. ఉప్పెనా లేదు గిప్పెనా లేదని తెలిసింది. ముసల్దానికి మతిపోయిందన్నారు. మా నాన్న తల దించుకున్నాడు. ఆవిడ కొంగుతో చెమట తుడుచుకుని, "తిట్టండర్రా, బాగా తిట్టండి. ఎండ గనక తిడతన్నారు. నీళ్ళొచ్చాక తిట్టడానికి నోరుండదు" అంది. ఆ మాటతో జనం ఆవిడ మీంచి చూపు తిప్పి ప్రెసిడెంటు గారి వైపు చూశారు. ఆయన సైకిలు మీద మనిషిని పట్నం పంపాడు. తాళం తీసి, బస్తాలు బయట పడేసేదాకా ఆవిడ ఆ మెట్టు దిగలేదు. ఆ రోజునుంచి తాళంచెవి డాబా ఎదురింట్లోనే ఉంది. తరువాత నిజం ఉప్పెన వచ్చింది. ఇవాళ కూర్చుని ఇది రాస్తున్నానంటే అందులోంచి మేం ఎలా బయటపడ్డామో మీకే తెలుస్తుంది.

నేను అయిదో తరగతి దాటలేదు. పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు టెక్సాస్‌లో, అక్కడి గల్ఫ్ సముద్రతీరానికి దగ్గరగా, మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మా పక్కింటి అమెరికన్ పెద్దావిడ ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతోంది. కరెంటు పోతే ఆవిడ ఊపిరి పోతుంది. హరికేన్ తుఫాను వస్తే అలాంటివాళ్ళు ఫలానా హైస్కూల్ జిమ్‌కి, అంటే పిల్లలు ఆటలాడే పెద్ద హాలుకి, వెళ్ళాలని, అక్కడ జనరేటర్ ఉందని ఇక్కడి జిల్లా బోర్డు లాంటి కౌంటీ వాళ్ళ కాగితంలో ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ కాగితం మొత్తం చదివాను. చదివి, వెళ్ళి చూద్దాం పదమన్నాను.

"నాన్నా, ఇది మన ఊరు కాదు. ఇక్కడ సిస్టమ్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో అంతా అప్‌డేట్ చేస్తారు" అంది అమ్మాయి. అలా అన్నా, తనే డ్రైవ్ చేసింది. ఒక ఎండ శనివారం పెద్దావిడనూ మిషన్‌నూ కారెక్కించుకుని వెళ్ళాం.

జిమ్ వెనక సిమెంటు దిమ్మ ఉంది. దిమ్మ మీద తుప్పు పట్టిన నాలుగు బోల్టులున్నాయి. జనరేటర్ లేదు. కిందటి తుఫాన్ల సీజన్‌లో రిపేరుకు తీసుకెళ్ళారట, తిరిగి రాలేదట. అక్కడి కాపలా మనిషి మంచివాడు, పాపం తల గోక్కున్నాడు. పెద్దావిడ ఆ బోల్టుల వంక చూసి, "నా ప్లగ్ దేన్లో పెట్టుకోమంటావు నాయనా?" అని అడిగిందని అమ్మాయి తెలుగులో చెప్పింది. సిస్టమ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

కౌంటీ మీటింగులో మనిషికి మూడు నిమిషాలిస్తారు. ఇన్ని ఉప్పెనలు చూసిన దేశం, ఉపగ్రహంతో తుఫాను కన్ను ఎక్కడుందో చెప్పగల దేశం, తన జనరేటర్ ఎక్కడుందో చెప్పలేదా అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. కుర్చీలో ఉన్నాయన నవ్వుతూ థాంక్యూ సర్ అన్నాడు. మేం పూర్తిగా సిద్ధంగా ఉన్నాం, కొత్త జనరేటర్‌కి వచ్చే ఏడాది అప్రూవల్ వస్తుందన్నాడు. తరువాతి మనిషిని పిలిచాడు. తుఫాన్ల సీజన్ ఈ ఏడాదే వస్తుందయ్యా! గాలి నీ అప్రూవల్ కోసం ఆగుతుందా?

నాకు రక్తం మరిగింది. ఇంకా మరుగుతోంది. నాన్నకి బీపీ అని అమ్మాయి కంగారు పడుతోంది. పడనీ. మా నాయనమ్మ నాకు పొలం ఇవ్వలేదు, బంగారం ఇవ్వలేదు. ఎండ రోజున కోపం తెచ్చుకోవడం నేర్పింది. వాన రోజున వచ్చే కోపం వట్టి ఏడుపే.

వచ్చే శనివారం కూడా ఎండేనంటున్నారు. పెద్దావిడ తయారుగా ఉంటానంది. జిమ్ వెనక ఆ దిమ్మ దగ్గరికే మళ్ళీ వెళ్తున్నాం.