దక్షిణం గోడ మీది బర్రె

అమీర్‌పేటలో మా చిన్నప్పుడు గోడలకి ఖాళీ ఉండేది కాదు... ఇటు పంజాగుట్ట దాకా ఎక్కడ చూసినా జావా, మెయిన్‌ఫ్రేమ్స్, 'ఉద్యోగం గ్యారంటీ'. కరెంటు స్తంభాలక్కూడా కోర్సులు అంటించేవాళ్ళు. మా అపార్ట్‌మెంట్ లోపల, స్కూటర్లు పెట్టుకునే చోట, ఒక్క దక్షిణం గోడ మాత్రం ఉత్తగా ఉండేది.

దాన్ని యాదన్న అడిగి తీసుకున్నాడు.

యాదన్న మా డాబా మీది గదిలో అద్దెకుండే చిత్రకారుడు. ఆయన బొమ్మల్లో జంతువులు మామూలుగా ఉండవు... పిల్లి కడుపులో మెట్లు, కొంగ మెడ చుట్టూ రైలు పట్టాలు. బంజారా హిల్స్‌లో వాటిని కొనుక్కుని హాల్లో పెట్టుకునేవాళ్ళు. మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం "పైగదిలో ఆ తిక్కాయన" అనేవాళ్ళు. ఆరో తరగతిలో నా ఆదివారాలన్నీ ఆ గదిలోనే.

మొదటి రోజు ఏనుగుకి రెక్కలు వేసి గొప్పగా చూపించా. ఆయన కాయితం నా ముందు పడేశాడు.

"రెక్కలు ఎవరన్న పెడ్తరు బిడ్డా. గీ కాళ్ళేంది, అగరుబత్తులా? గంత ఏనుగు గీటి మీద నిలవడ్తదా?"

ఆయన పద్ధతే అంత. ముందు కాళ్ళు. కాళ్ళ మీద బరువు పడితే, ఆ పైన ఎంత విడ్డూరం కట్టినా చూసేవాళ్ళు నమ్ముతారట. అందుకని నన్ను ఎర్రగడ్డలో ఒక పాలాయన కొట్టానికి తీసుకెళ్ళాడు. పెన్సిల్ తేనివ్వలేదు. "ఊకె చూడు. అది నిన్ను మర్చిపోయేదాంక చూడు."

చూశాను... బర్రె నాలుగు కాళ్ళ మీదా సమానంగా నిలబడదు. వెనక కాలొకటి వదులుగా పెట్టి, బరువంతా మిగతా కాళ్ళ మీద వేస్తుంది. కాసేపటికి కాలు మారుస్తుంది. ఇప్పటికీ బస్టాపులో మనుషుల్ని చూస్తే నాకు ముందు అదే కనిపిస్తుంది.

ఆ వేసవంతా గోడ దగ్గరే. ఎనామిల్ రంగులతో ఇంత పెద్ద బర్రె. దాని వీపు మీద మా అపార్ట్‌మెంట్ మొత్తం. రెండు కొమ్ములకీ కట్టిన దండెం, దాని మీద పక్క హాస్టల్ అబ్బాయిల బనీన్లు. కింద నిండు పొదుగు. అన్నీ యాదన్న వేశాడు... కాళ్ళు మాత్రం నావి. నేనొక్కదాన్నే వేశాను. అంతా అయ్యాక ఆయన దూరంగా జరిగి చూసి, "నిలవడ్డది" అన్నాడు.

అంతకన్నా పెద్ద మెప్పు నాకు ఇంతవరకూ దొరకలేదు.

సరిగ్గా అప్పుడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పడిపోయాయి. మా కింద ఫ్లాట్లో కోచింగ్ సెంటర్ నడిపే ఆయన నాన్న దగ్గరికొచ్చాడు. నాన్న అప్పుడు అసోసియేషన్ సెక్రటరీ.

"ఏంటండీ సెక్రటరీ గారూ, దక్షిణం గోడ మీద దున్నపోతా? సాక్షాత్తూ యముడి వాహనం! మా పిల్లలు ఇంటర్వ్యూలకెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొస్తున్నారు."

యాదన్న అక్కడే బండి తుడుచుకుంటున్నాడు. "యముడొచ్చినంక ఎవడన్న తిరిగొస్తడా సార్? మీ పోరగాళ్ళు మంచిగనే తిరిగొస్తున్రు గద. జర కింద చూడుండ్రి... పొదుగున్నది. అది బర్రె."

ఎవరూ కింద చూడలేదు! నాకు ఇప్పటికీ కడుపు మండేది అక్కడే. వాస్తు ఆయన్ని పిలిపించారు. ఆయనా బొమ్మ చూడలేదు, దిక్సూచి చూసుకున్నాడు. ఎక్కడో కంపెనీలు మూతపడితే మా బర్రెది తప్పు.

బడి నుంచి వచ్చేసరికి వీపూ కొమ్ములూ సున్నం కింద పోయాయి. కాళ్ళు మిగిలాయి. సున్నం వేసే అతను అన్నానికి వెళ్ళాడు. నేను నాన్న దగ్గరికి పరిగెత్తాను.

"ఆ కాళ్ళు నేను వేశాను నాన్నా... అవైనా ఉంచు."

"అందుకేనమ్మా, నీకు లెక్కల్లో మార్కులు తగ్గింది" అన్నాడు నాన్న.

సాయంత్రానికి కాళ్ళూ సున్నం కింద పోయాయి. తర్వాత డాబా గది కోచింగ్ సెంటర్‌కి ల్యాబు అయింది. యాదన్న సామాను ఆటోలో ఎక్కిస్తుంటే పెద్ద వాన. గోడ కింద నుంచి తడి పైకెక్కింది. తడిసిన సున్నంలోంచి ముందు గిట్టలు, తర్వాత మోకాళ్ళు... నా కాళ్ళు! నాలుగూ!

"చూడు బిడ్డా, సున్నం కింద గూడ నిలవడ్డది" అని నవ్వి ఆటో ఎక్కాడు. సనత్‌నగర్ వైపు పోయాడన్నారు. మళ్ళీ కనపడలేదు.

ఇంజనీరింగ్ అయ్యాక నేనూ జావా నేర్చుకున్నాను... అదే సెంటర్లో, ఆ గోడ కనిపించే కిటికీ పక్కన. వరసగా ఇంటర్వ్యూలు పోయాయి. ఒకరోజు ఇంటికొచ్చి అడిగాను.

"గోడ మీద ఇప్పుడు దున్నపోతు లేదుగా నాన్నా. మరి ఎవరిది తప్పు?"

నాన్న పేపరు తిప్పాడు.

ఇప్పుడా గోడకి నున్నటి టైల్స్ అతికించారు. ఎంత వాన పడనీ, కింద ఏముందో కనిపించదు...

మీరు వేసినవాటిలో మీ ఇంట్లోవాళ్ళు ఏం చెరిపారు? రాయండి. చెరిపే ముందు ఒక్కసారైనా చూశారా, అది కూడా రాయండి.