కొటేషన్లలో కూర్చున్న పేర్లు

అప్పట్లో ఒక విత్తనాల కంపెనీకి ప్రోగ్రాములు రాసేవాణ్ణి. గద్వాల ఆఫీసు డేటాబేసులో టేబుళ్లకు, అంటే పట్టికలకు, నేను పెట్టిన పేర్లంటే నాకే మురిపెం: ఇంగ్లీషు పెద్దక్షరాలు, మధ్యలో ఖాళీలు. అవి పనిచేయాలంటే ప్రతిసారీ అటూ ఇటూ కొటేషన్ గుర్తులుండాలి.

అదే ప్రోగ్రాము సీడీలో వేసుకుని నాగర్‌కర్నూలు ఆఫీసుకు పోయాను. డేటా ఎక్కించే అక్క "రా తమ్మీ" అంటే, "సార్ అనండి" అని కసిరాను. అక్కడి డేటాబేసు వేరే రకం, పేర్ల చుట్టూ వేరే గుర్తులు అడుగుతుంది. నా కొటేషన్లు చూసి మొదటి లైనులోనే ఆగిపోయింది. ఇక్కడికి తగ్గట్టు గుర్తులు మారిస్తే, రేపు వనపర్తిలో ఇంకో రకం. బస్సుకు గంటే ఉంది. కుర్చీలో కూర్చోలేను, లేచి తిరగలేను. మౌసు మీద, ఫ్యాను మీద విసుక్కున్నాను.

అక్క నా స్క్రీన్ చూసి నవ్వింది. "గివి పేర్లు గావు సార్, కొత్తల్లుళ్లు. ఒక్కపారి మర్యాద జేస్తిరి, ఇగ పోయినకాడల్లా జేయాలె. ఉత్తగ పిలిస్తె పలుకరు."

ఒళ్లు మండింది. అయినా పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి దించాను. ఖాళీల చోట అండర్‌స్కోర్లు, అంటే అడుగు గీతలు, పెట్టి, కొటేషన్లు పీకేశాను. ప్రోగ్రాము నడిచింది, బస్సు పోయింది.

"చాయ్ తాగుతవా తమ్మీ?" అంది అక్క.

ఈసారి పలికాను.