సెక్రటరీ పక్షి కనిపించిన ఉదయం

ఒంగోలు గ్రంథాలయంలో చదివినప్పటి నుంచి చూడాలని తపించిన పాములను కాళ్ళతో తన్ని చంపే సెక్రటరీ పక్షి కోసమే నా భార్యతో కెన్యా వెళ్ళాను. కొండ అడవుల్లో ఎన్నో పక్షులను చూపించిన గైడు, చివరి ఉదయం ఎండుగడ్డి మైదానంలో జీపు ఆపాడు. మధ్యాహ్నమే మా విమానం.

ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి రొట్టెకు అద్దుకుని తింటుంటే కళ్ళల్లో దుమ్ము పడింది. అదే చేత్తో నలుపుకున్నాను. సరిగ్గా అప్పుడే గైడు "అదిగో" అన్నాడు. కళ్ళు భగ్గుమన్నాయి, తెరుచుకోలేదు. పక్షి పామును కాళ్ళతో తన్నుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"మిరపకాయలు పండే ఊళ్ళో పుట్టి, కారం చేత్తో కళ్ళు నలుపుకుంటారా ఎవరన్నా!" అంటూ నా భార్య సీసాలో నీళ్ళు నా మొహాన కొట్టింది.

"నన్నొదిలెయ్, నువ్వన్నా చూడు! దాని రెప్పలకు పొడుగాటి వెంట్రుకలుంటాయి. ఉన్నాయా?" అని బతిమాలాను.

చప్పుడు ఆగిపోయింది.

"నేను తలెత్తేసరికి గడ్డి కదులుతోందండీ, అంతే," అంది.