పిల్లల మీదున్న కొర్రమీను

శ్రావణమాసం, గురువారం, పొద్దున్న ఎనిమిదిన్నర. ఏ సంవత్సరమో గట్టిగా చెప్పలేను. మద్రాసు నుంచి విడిపోయి మనకి వేరే రాష్ట్రం వచ్చిందని ఊళ్లో చెప్పుకున్న మరుసటి ఏడో, ఆ పై ఏడో అయి ఉంటుంది. వారమూ వేళా మాత్రం నాకు తప్పవు. అప్పటికి నాకు గడియారం చూడడం రాదు. లాకు తలుపులు తీసే లస్కరు చెప్పిన వేళ అది.

ఇన్నేళ్ల తరవాత దాన్ని మళ్లీ తవ్వడానికి కారణం మొన్న మా తమ్ముడి మనవడు నా ముందు పెట్టిన సెల్‌ఫోను. గాలం వేసే సరదా ఉన్నవాళ్లంతా అందులో ఒక గుంపుగా చేరి, ఏ చెరువులో ఏం పడుతోంది, ఏ చేపకి ఏ ఎర పెట్టాలి అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారట. నలభై దాటాక రాత్రిబళ్లో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి గనక నేను వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటాను, వాడికి అంత ఓపిక లేక నేను ఒక ముక్క పూర్తి చేసేలోగా పైకి తోసేస్తాడు. అలా తోస్తూ తోస్తూ ఒక ఫొటో దగ్గర ఆగాడు. ఎవరో కుర్రాడు కొర్రమీనుని మొప్పల దగ్గర పట్టుకుని నవ్వుతున్నాడు. వెనక నీళ్లలో ఎర్రగా, కుంకుమ చల్లినట్టు, దాని పిల్లలు. పిల్లల మధ్యలో కప్పని వేస్తే తక్షణం కొడుతుంది అని కింద సలహా రాశాడు. దాని కింద దండాలు, చప్పట్లు. కళ్లు మండుతున్నాయిరా అని ఫోను తిరిగి ఇచ్చేశాను.

మా ఊరు కొత్తపేట దిగువన, అమలాపురం వెళ్లే కాలవ గట్టు మీద ఉంది. లాకు పక్కన పాత కాలవ వంపు ఒకటి పూడకుండా మిగిలిపోయి మడుగైంది. కాలవ నీరు దాంట్లోకి వస్తుంది గానీ ఉరవడి ఉండదు, తూటాకు అల్లుకుని నీళ్లు నల్లగా, నిద్రపోతున్నట్టు ఉండేవి. పొలం పని లేని పూట గాలం కర్ర ఉన్న ప్రతివాడూ అక్కడికే చేరేవాడు. ఇప్పటి గాలాలు, ప్లాస్టిక్ కప్పలు ఎక్కడివి? వెదురు కర్ర, నూలు తాడు, తేలడానికి నెమలీక కాడ, పేడకుప్ప కింద తవ్విన ఎర్రలు, అంతే. మన ఈడు వాళ్లకి ఇదంతా చెప్పక్కర్లేదు.

ఆ మడుగుకి పెద్ద మా మావయ్య, అంటే మా అమ్మకి అన్నగారు. కాడ నిలువునా మునిగితే బొచ్చె, పక్కకి ఈడిస్తే జెల్ల, రెండుసార్లు ఎగిరి మాయమైతే కొర్రమీను అని చేప పైకి రాకముందే చెప్పేవాడు. లస్కరు మాకు వరసకి తాతయ్య. వేయించిన తవుడులో కల్లు మడ్డి కలిపి ఉండ చేస్తే బొచ్చె వెతుక్కుంటూ వస్తుందని ఆయన కనిపెట్టిన కిటుకు, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. మూడో ఆయన పని మానుకున్న కరణం గారు. చేప వాసనకి ముక్కు మూసుకునే ఇంట పుట్టి, మడుగు గట్టు మీద పడక్కుర్చీ వేయించుకుని పొద్దుటి నుంచీ కూర్చునేవారు. "ఏరా, నీ కాడ నిద్రపోతోందా, నువ్వా?" అని మావయ్యని కదిపేవారు. "తమరు తినని చేప తమరికెందుకండీ బాబూ" అని మావయ్య. "తినేవాడికి కూర సంగతి తెలుస్తుందిరా, చేప సంగతి చూసేవాడికే తెలుస్తుంది" అని ఆయన.

అక్కడ కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఒకడి కర్ర ఇంకొకడు దాటకూడదు. ఎన్ని పడ్డాయని అడగకూడదు. అన్నిటికంటే పెద్దది, పిల్లల మీదున్న కొర్రమీనుకి గాలం వేయకూడదు. వానలు పడ్డాక దాని పిల్లలు ఎర్రటి ముద్దలా నీటి మీద తేలుతూ ఉంటాయి, కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఆ ముద్దలో చిరుకప్పని పడేస్తే చాలు, తినడానికి కాదు, తరిమెయ్యడానికి వచ్చి కొడతాయి. ఆకలేసి వచ్చిన చేపని పట్టుకోవచ్చు గానీ పిల్లల కోసం వచ్చిన చేపని పట్టకూడదని మావాళ్ల లెక్క. ఒకసారి పైఊరి నుంచి వచ్చినవాడెవడో తెలిసే వేశాడని మావయ్య వాడి కర్రని మోకాలికి వేసి విరిచి కాలవలో పారేశాడు. ఆ తరవాత ఆ ముద్ద వైపు ఎవరూ చూసింది లేదు.

ఆ ఏడు మా అక్క తొలి పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పురుడొచ్చిన నాలుగైదు రోజులకి జ్వరం పట్టుకుంది. మంత్రసాని అవ్వ వచ్చి చూసి, నెత్తురంతా పోయింది, కొర్రమీను చారు లోపలికి పోతే గానీ మనిషి లేవదు అంది. అందులో అనుమానం ఎవరికి? ఆ రోజుల్లో జ్వరపడి లేచినవాడికైనా, పురిటి మనిషికైనా కొర్రమీను చారే బలం. మా కర్మ కొద్దీ గోదావరికి వరద తగిలి కాలవంతా ఎర్రనీరు. ఎర్రనీటిలో చేప ఎర చూడదు. మావయ్య పొద్దున వెళ్లి పొద్దు కుంకాక ఉత్త చేతులతో వచ్చేవాడు. కబురు అందుకుని అంతర్వేది వైపు నుంచి మా బావ వచ్చాడు. సముద్రం ఒడ్డున పుట్టినవాడు, చేపల్లో తనూ ఏం తక్కువ తిన్నవాడు కాదు, మా మడుగుని చూసి ప్రతిసారీ ఎగతాళి చేసేవాడు. ఈసారి చెయ్యలేదు.

ఆ గురువారం బావ గట్టు మీదికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మావయ్యగారండీ, అది పలవరిస్తోందండీ. నన్ను గుర్తుపట్టట్లేదండీ" అన్నాడు. మావయ్య తూటాకు వైపు చూశాడు. అక్కడ, ఆ మూల, ఎర్రముద్ద నీటి మీద బుడబుడలాడుతూ ఉంది. ఆయన చూపు ఎక్కడుందో మేమంతా చూశాం.

ముందు మాట్లాడింది కరణం గారే. కింద ఉన్నవి రెండు కదా, తండ్రిని తీస్తే తల్లి పిల్లల్ని సాకుతుంది, కట్టుబాటు సగమైనా నిలబడుతుంది అన్నారు. మావయ్య ప్రాణానికి అది తాడు దొరికినట్టయింది. మరి తండ్రి ఏది?

"ముద్దని అంటిపెట్టుకుని ఉండేది తల్లి. దూరంగా చుట్టూ తిరిగేది తండ్రి" అన్నారు కరణం గారు.

"తిరగేసి చెబుతున్నారండి" అన్నాడు లస్కరు తాతయ్య. "దగ్గరుండి కాసేది మగదేనండి. ఆడది గుడ్డెట్టి తన దారిన పోద్దండి."

"నువ్వు చూసేవా?"

"తమరు చూసేరా?"

"మా సముద్రం వైపు ఈ గొడవే లేదండీ, వలకి ఆడా మగా ఒకటే" అన్నాడు బావ, విసుగ్గా.

"అయితే ఆ సముద్రానికే పోయి పట్టుకు రండి అల్లుడుగారూ" అన్నాడు తాతయ్య. మామూలు రోజైతే అందరం నవ్వేవాళ్లం.

అలా ఎంతసేపు వాదించుకున్నారో. వాళ్లని ఎగతాళి చెయ్యడానికి చెప్పడం లేదు. ఎవరికి తెలిసింది వాళ్లు మనస్ఫూర్తిగా చెప్పారు, అక్క బతకాలనే చెప్పారు. నేను అప్పటికే చిరుకప్పని పట్టి గాలానికి గుచ్చి మావయ్య చేతికి ఇచ్చాను. సరిగ్గా అప్పుడు ఎగువన బూర వినబడింది. తాతయ్య తిట్టుకుంటూ లాకు మీదికి పరిగెత్తాడు. ఎనిమిదిన్నర అయిపోయింది, పడవొచ్చేసింది అన్నది ఆయనే.

అది అమలాపురం వెళ్లే పడవ. లాకులో దిగి, గెడలతో గోడలు నెట్టుకుంటూ, మా మడుగు పక్క నుంచే నెమ్మదిగా సాగింది. గొడుగు పట్టుకుని పైన కూర్చున్నాయన ఎవరో "ఏవండోయ్, ఏవన్నా పడ్డాయా?" అని కేకేశాడు. మావయ్య నోటి మీద వేలు పెట్టుకుని, పో పో అన్నట్టు చెయ్యి ఊపాడు. పడవ తోసిన అల మడుగులోకి వచ్చింది. తూటాకు ఊగింది. ఎర్రముద్ద కిందికి మునిగిపోయింది.

"దిక్కుమాలిన పడవ, సరిగ్గా ఇప్పుడే రావాలా!" అన్నాడు బావ.

పడవ వంపు తిరిగి కనుమరుగయ్యేదాకా అందరం కదలకుండా నిలబడ్డాం, నీళ్లు తేరుకోవాలని. తేరుకున్నాయి. ముద్ద మళ్లీ పైకి తేలింది. మావయ్య చివరికి కరణం గారి మాటే పట్టుకుని, దూరంగా చుట్టూ తిరుగుతున్నదాని దారిలో కప్పని దించాడు. నీళ్లు పగిలాయి. మోచేతి పొడుగు చేప. దాని మొహం చూడకుండానే కండువాలో చుట్టి బావ చేతిలో పెట్టాడు.

అది ఆడదో మగదో కోసినప్పుడు మా అమ్మకి తెలిసే ఉంటుంది. ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. అక్క చారు రెండు గుక్కలు తాగి, ఉప్పు చాల్లేదే అమ్మా అంది. ఆ మాట తెలివిగానే అంది. ఇంట్లో అందరి మొహాలూ ఒక్క క్షణం వెలిగాయి. శనివారం తెల్లవారేసరికి ప్రాణం పోయింది. పిల్లని మా అమ్మ మేకపాలు పట్టి బతికించింది.

దినం కాకుండానే ఊళ్లో మాట పుట్టింది: పిల్లల మీదున్న తల్లిని తీశారు, పసిపిల్ల తల్లి పోయింది అని. మావయ్య కూడా అదే నమ్మాడు. కరణం గారు మడుగు దగ్గరికి రావడం తగ్గించారు. ఎర్రముద్ద ఆ తరవాత మళ్లీ కనబడలేదు. చెదిరిపోయిందో, ఏ వాలుగ చేప నోట్లో పడిందో. మావయ్య మిగతా రోజుల్లో గాలం వేసేవాడు గానీ వానాకాలం రాగానే కర్ర చూరులో దోపేసేవాడు. మా చంటిదాన్ని ఏనాడూ ఎత్తుకోలేదు. అది పాకుతూ ఆయన వైపు వస్తే లేచి వెళ్లిపోయేవాడు.

మరి కొన్నేళ్లకి నాకు పెళ్లయింది, మా ఆవిడకి తొలి పురుడు. అవే నాలుగైదు రోజులకి, అదే జ్వరం. మా ఆవిడ తండ్రి నాలుగూళ్లు తిరిగిన మనిషి కావడంతో చారూ గీరూ అనకుండా ఆ పూటే పడవెక్కించి అమలాపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. సూదులు పొడిచారు. కొన్నాళ్లకే లేచి కూర్చుని, పిల్లాణ్ణి సరిగా ఎత్తుకోవడం రాదని నన్ను తిట్టింది. పురిటి జ్వరానికి మందు కొన్నేళ్ల నుంచీ ఉందమ్మా, వేళకి తీసుకొస్తే బతికిపోతారు అని అక్కడి నర్సు మాటల్లో అంది. ఆవిడకి అది మామూలు మాట.

తిరిగొచ్చేటప్పుడు పడవ మా లాకు కింద ఆగింది. పిల్లాడు ఒళ్లో ఉన్నాడు. మడుగు గట్టు మీద ఎవరో ఇద్దరు కర్రలు పట్టుకుని కూర్చుని, అల వస్తోందని మా వైపు గుర్రుగా చూశారు. నెమ్మదిగా పోనివ్వండెహె అని అందులో ఒకడు అరిచాడు. నీళ్లలోంచి గట్టు వైపు చూడడం నాకు అదే మొదలు.

మావయ్యకి చెప్పాను. నాకు మాట దాచుకోవడం చేతకాదు. చేప పాపం కాదు మావయ్యా, ఆ పూట అక్కని ఆ పడవ ఎక్కించి ఉంటే బతికేది అన్నాను. ఆయన తాడు చిక్కు తీసుకుంటున్నాడు. చాలాసేపు ఆ చిక్కే తీశాడు.

"చేప వల్లే అనుకోనీరా" అన్నాడు చివరికి. "పాపమైతే మొయ్యగలను. ఇది నావల్ల కాదు."

నువ్వు చెప్పకుండా ఉండాల్సింది అని మా అమ్మ అంది. ఉన్నది చెప్పాను అన్నాను. ఈరోజు అడిగినా అదే చెబుతాను. కానీ ఆయన ఆ తరవాత ఎక్కువ కాలం బతకలేదు, బతికినన్నాళ్లూ నాతో చేపల ఊసెత్తలేదు.

ఇప్పుడు మడుగు లేదు, పూడ్చి ఇళ్లు కట్టారు. లాకు తలుపులు తుప్పు పట్టాయి, పడవలు మానేసి ఎన్నేళ్లయిందో. రాళ్లు తేలిన గట్టు తారురోడ్డయింది, ఫోను చేస్తే బండి గుమ్మంలోకి వస్తుంది. ఒకందుకు మంచి రోజులే, నేను కాదనను. నా మనవరాళ్ల పురుళ్లకి మీనుచారు ఎవరూ తలవలేదు, పేరు చెబితే నవ్వారు. ఆ గట్టు మీద ఒకడికి తెలిసింది పదిమందికి చెప్పుకునే మంచితనం ఉండేది, అది ఫోన్లోకి ఎక్కింది, అదీ మంచిదే. పిల్లల మీదున్న చేపని పట్టకూడదని చెప్పేవాడు మాత్రం ఆ గుంపులో ఒక్కడూ కనబడలేదు. వాళ్లని తప్పు పట్టడానికి నోరు రావడం లేదు. ఆ కట్టుబాటు తెలిసినవాళ్లం మేం ఏం వెలగబెట్టాం గనక.

ఆ పొద్దున్న మడుగు దగ్గర ఉన్నవాళ్లం వీళ్లం: మావయ్య, మా బావ, కరణం గారు, లస్కరు తాతయ్య, నేను. చేపల సంగతి మా అయిదుగురికీ బాగా తెలుసు.