పది నిమిషాల తీసివేత

అప్ప పోయిన ఇరవై మూడో రోజు, మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు నా ఛాతీ మీద ఏడు బిళ్ళలు అతికించారు. వాటి తీగలన్నీ నడుముకు కట్టిన చిన్న పెట్టెలోకి పోయాయి. మర్నాడు తొమ్మిది దాకా నా గుండె కొట్టే ప్రతి దెబ్బనూ ఆ పెట్టె రాసుకుంటుంది. ఆ సమయంలో నేను చేసే పనులను నేను రాయాలి. అందుకు ఒక అచ్చు కాగితం ఇచ్చారు. దాంట్లో పన్నెండు గళ్ళే ఉన్నాయి. అవి చాలవని ఇంటికి వచ్చి నోటు పుస్తకంలో గీతలు గీసుకున్నాను. ఇరవై నాలుగు గంటలకు అరవై ఒక్క పద్దులు రాశాను.

ఇలా రాయడం నాకు కొత్త కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. వేరే ఊరికి ట్రంకు కాల్ ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఈ మూడూ టికెట్టు అనే చీటీ మీద పడాలి. నా టికెట్టు తప్పని తిరిగి వచ్చిన రోజు లేదు. ఉద్యోగం అయిపోయాక మా అక్కకు, అంటే అప్పకు, భర్త పోతే ఆమె నర్సీపట్నంలో నా దగ్గరికి వచ్చేసింది. రెండు గదుల ఇల్లు. పంతొమ్మిదేళ్ళు కలిసి ఉన్నాం. ఆమె పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. పదకొండో రోజున అందరూ ఏడ్చారు, అప్పుడూ రాలేదు. లోపల దాచుకున్నానని కాదు. ఉందేమోనని చూసుకున్నాను, లేదు. అన్నం అన్నంగా ఉండేది, నీళ్ళు నీళ్ళుగా ఉండేవి, అంతే.

పద్దెనిమిదో రోజు ఉదయం ఒకసారి, ఇరవై ఒకటో రోజు ఉదయం ఒకసారి కళ్ళు తిరిగాయి. రెండోసారి గోడ పట్టుకుని కిందికి జారిపోయాను. నాడి చూసుకుంటే నలభై నాలుగు. మా వీధి డాక్టరు ఈసీజీ తీసి, ఒక రోజు ఈ పెట్టె కట్టించుకుని, శనివారాలు విశాఖ నుంచి వచ్చే గుండె డాక్టరుకు చూపించమన్నారు. గుండెలో పుట్టే కరెంటు మధ్యమధ్యలో ఆగిపోతూ ఉంటే పేస్‌మేకర్ పెట్టాలట. భుజం ఎముక కింద, చర్మం లోపల, ఒక బ్యాటరీ. అది పెట్టాలా అక్కర్లేదా అన్నది ఆ పెట్టెలోని గీతలూ నా పుస్తకమూ పక్కపక్కన పెట్టి తేలుస్తారు.

అప్ప కూతురు నక్కపల్లి నుంచి శుక్రవారమే మళ్ళీ వచ్చేసింది. వచ్చీ రాగానే మొదలుపెట్టింది.

"పెట్టించీసుకో పిన్నీ. ఒక్క పూట పని. బేగి అయిపోద్ది."

"అవసరమని తేలాక చూద్దాం."

"అమ్మకీ అలాగే అన్నావు. తేలాక, తేలాక అని. తేలేసరికి ఏటయింది?"

అది నిజమే. అప్పకు ఆయాసం వచ్చినప్పుడు, రిపోర్టులు అన్నీ వచ్చాక విశాఖ వెళ్దామని నేనే ఆపాను. నాలుగు రోజులు ఆపాను. పిల్ల మాట తగలాలి, తగలలేదు. లేచి కంచాలు కడిగాను.

శనివారం పదకొండున్నరకు మా వంతు వచ్చింది. డాక్టరుకు నలభై ఏళ్ళుంటాయి. ఒక చేత్తో గీతల కాగితం, మరో చేత్తో నా పుస్తకం పట్టుకుని చాలాసేపు చూశారు.

"అమ్మా, ఇంత బాగా రాసినవాళ్ళను నేను చూడలేదు. కానీ ఒక చిక్కుంది. బుధవారం ఉదయం ఏడూ ఇరవై ఆరుకు మీ గుండె మూడు సెకన్ల పైన ఆగింది. మీరేమో ఆ సమయానికి 'కాఫీ తాగుతున్నాను, బాగానే ఉంది' అని రాశారు. కళ్ళు తిరిగింది ఏడూ పదహారుకు అంటున్నారు. ఆ సమయంలో గుండె చక్కగా కొడుతోంది."

"అంటే ఏటి డాక్టరు గారూ?" అంది పిల్ల.

"కూర్చుని కాఫీ తాగే మనిషికి కారణం లేకుండా గుండె ఆగిందంటే పేస్‌మేకర్ గురించి ఆలోచించాలి."

"నాను సెప్పలేదా పిన్నీ?"

డాక్టరు చెయ్యి ఎత్తారు. "ఆగండమ్మా. పదీ నలభైకి మేడ మెట్లు ఎక్కానన్నారు. గుండె వేగం పెరిగింది పదీ యాభైకి. భోజనం, నడక, అన్నీ అంతే. ప్రతిదీ పది నిమిషాలు ఆలస్యం. మీరు ఏ గడియారం చూసి రాశారు?"

"గోడ గడియారం. అది పది నిమిషాలు ముందుంటుంది. బస్సు తప్పిపోతుందని మా అప్ప అలా పెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా పది తీసేసే చూస్తాను. ఇదీ పది తీసేసే రాశాను."

పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మ! పిన్నీ, దాన్ని నానే సరిసేసీసినాను కదా! పదకొండో రోజు ఇల్లు కడిగినప్పుడు సెల్లు మార్చి, ఫోను సూసి కరెక్టుగా పెట్టీసినాను."

"నాకు చెప్పలేదేం?"

"సరైన టైము పెట్టినానని కూడా సెప్పాలేటి? లోకంలో ఎవలైనా సెబుతారా?"

డాక్టరు నవ్వు ఆపుకున్నారు. నేను పుస్తకం తీసుకుని అరవై ఒక్క పద్దులకూ పక్కన పది కలుపుతూ పోయాను. పదిహేను రోజులుగా సరైన గడియారం కింద కూర్చుని తప్పు సమయంలో బతికాను. ఒక్కసారీ అనుమానం రాలేదు. వెళ్ళవలసిన చోటూ లేదు, తప్పిపోయే బస్సూ లేదు.

పది కలిపాక ఏడూ ఇరవై ఆరు కాఫీ నుంచి జరిగి 'స్నానాల గది, కళ్ళు తిరిగాయి' అన్న పద్దు మీద పడింది.

"స్నానాల గదిలో ఏం చేస్తున్నారు?" అన్నారు డాక్టరు.

పిల్లను బయట కూర్చోమన్నాను.

"ఏటి, నాకు తెలీని గుట్టా? నిన్న నీ బట్టలు ఉతికింది ఎవలనుకున్నావు?" అని గొణుక్కుంటూ వెళ్ళింది.

అప్పుడు చెప్పాను. అప్ప పోయినప్పటి నుంచి సరిగా తినలేదు, నీళ్ళు తాగడం గుర్తుండేది కాదు. నాలుగు రోజులుగా విరేచనం లేదు. ఆ ఉదయం ఊపిరి బిగబట్టి బలంగా ముక్కాను. అది పుస్తకంలో రాయడానికి సిగ్గేసి స్నానాల గది అని రాశాను. ఏ టికెట్టు మీదా సగం నిజం రాయనిదాన్ని అక్కడ రాశాను.

"మొదటి రెండుసార్లు కూడా?"

"ఆ గదిలోనేనండీ."

ఆయన కాగితం వెనక్కి తిప్పి గుండె బొమ్మ గీశారు. గుండెకు తన సొంత కరెంటు ఉందట. పైగదిలో చిన్న కణాల ముద్ద దగ్గర పుట్టి, కింద గదులకు తీగల మీద పోయినట్టు పోతుందట. మెదడు నుంచి రెండు రకాల నరాలు వచ్చి దాని మీద చెయ్యి వేసి ఉంటాయి. ఒకటి తోలుతుంది. రెండోది, వేగస్ అంటారు, పట్టి ఆపుతుంది. రెండూ మనల్ని అడగవు. మనిషి ముక్కినా, వాంతి వచ్చినా, ఒక్కోసారి రక్తం చూసినా ఆ రెండో చెయ్యి గట్టిగా బిగుసుకుంటుంది. కరెంటు క్షణం ఆగుతుంది.

"అంటే లైను తెగలేదు, ఎవరో పట్టుకుంటున్నారు," అన్నాను.

"అలాగే అనుకోండి. కానీ చూసి చెప్పాలి. వేగస్ చేతిని కాసేపు వదిలించే ఇంజెక్షన్ ఒకటుంది. అప్పుడు గుండె తొంభై దాటితే లైను మంచిదే. దాటకపోతే పేస్‌మేకర్." ఆగి, "ఇంకొకటి. మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవై ఒకటి నుంచి పన్నెండు నిమిషాల పాటు నూట పన్నెండు కొట్టింది. మెట్లెక్కినప్పటికన్నా ఎక్కువ. ఏం చేస్తున్నారు?"

పుస్తకంలో నాలుగూ పది. పది కలిపితే నాలుగూ ఇరవై. 'అరుగు మీద కూర్చున్నాను. ఏమీ లేదు' అని ఉంది.

"కూర్చునే ఉన్నానండీ."

"భయం, కంగారు?"

"ఏమీ లేదండీ."

ఆయన ఇంజెక్షన్‌కు చీటీ రాసి నర్సును పిలిచారు.

ఈ మందు పడని కంటి ఒత్తిడి జబ్బు లేదు కదా అని అడిగి, నర్సు మోచేతి దగ్గర ఇంజెక్షన్ ఇచ్చింది. పడుకున్న చోటి నుంచి తెర మీద అంకె కనబడుతోంది. యాభై ఒకటి. నోరు ఎండిపోవడం మొదలైంది. అరవై మూడు. డెబ్బై ఎనిమిది. ఎనభై ఆరు దగ్గర కాసేపు నిలబడింది. గుండె గొంతులో కొడుతోంది. మనసులో ఏమీ లేదు. పరుగెత్తే వాళ్ళను కిటికీలోంచి చూస్తున్నట్టు చూస్తున్నాను. ఈ పరుగుకు కారణం సిరంజిలో ఉంది. మరి మంగళవారం నాటి దానికి? ఆ రోజు సిరంజి లేదు, మెట్లు లేవు.

నాలుగూ ఇరవైకి మా వీధి చివర షేర్ ఆటో ఆగుతుంది. అప్ప రోజూ మార్కెట్టు నుంచి ఆ ఆటోలోనే దిగేది. ఆ సమయానికి నేను అరుగు మీద ఉండేదాన్ని, సంచీ అందుకోవడానికి. మంగళవారం కూడా ఆటో ఆగిన చప్పుడు వినే ఉంటాను. ఎవరెవరో దిగి ఉంటారు. అది రాయదగ్గ విషయమని తోచలేదు. అసలు అరుగు మీదికి ఎందుకు వెళ్ళానో కూడా తోచలేదు.

"తొంభై నాలుగు," అన్నారు డాక్టరు. "లైను మంచిదేనమ్మా. బ్యాటరీ అక్కర్లేదు. నీళ్ళు తాగండి, ఆకుకూర తినండి, ఊపిరి బిగబట్టకండి. నెల తర్వాత మళ్ళీ పెట్టె కడదాం."

బయట పిల్ల బెంచీ మీద సెల్‌ఫోను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"అక్కర్లేదన్నారు," అన్నాను.

"నిజంగానా? ఒట్టు? నా మీద కోపంతో సెబుతున్నావా?"

"తొంభై నాలుగు వచ్చింది. తొంభై దాటితే చాలట."

అలవాటు కొద్దీ దాని మణికట్టు పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. ఇరవై ఆరు. నాలుగుతో గుణిస్తే నూట నాలుగు. నాకు మందు మీద తొంభై నాలుగు, దీనికి మందు లేకుండానే నూట నాలుగు. అప్పుడు చూశాను, అది ఏడుస్తోంది.

"మంగళవారం సాయంత్రం ఆటో దగ్గర మీ అమ్మ కోసం చూశాను," అన్నాను. "రాయలేదు. 'ఏమీ లేదు' అని రాశాను."

"ఇప్పుడు రాయి మరి. నీ పుస్తకం తప్పయిపోతే నువ్వు బతకవు."

పెన్ను అడిగి తీసుకున్నాను. నోరు ఎండి మాట సరిగా రావడం లేదు. 'ఏమీ లేదు' మీద ఒక్క గీత గీసి, పక్కన అప్ప ఆటో అని రాశాను. నాకు అప్పటికీ ఏడుపు రాలేదు. పిల్ల వెళ్ళి మంచినీళ్ళ సీసా కొనుక్కొచ్చింది. సగం తాగి, మూత బిగించి తనకిచ్చాను.

"మొత్తం తాగు," అంది.

తాగాను.